ఇంట్లో కషాయం, సంఘంలో ఉపవాసం

తర్లుపాడు,
12 జనవరి 2026

ఒరే గిద్యోనూ,

ప్రభువు నామంలో వందనాలు. వందనాలు అయిపోయాయి కాబట్టి ఇక తిట్లు.

పోయిన ఆదివారం ఫోనులో "అక్కా, షుగర్ ఎంతుంది?" అని అరిచావు. నా ఫోనుకు చెవి పోయి ఆరు నెలలైంది, స్పీకరులో తప్ప వినపడదని నీకు ఎన్నిసార్లు చెప్పాలి? దోసెల బండి చుట్టూ పన్నెండు మంది ఉన్నారు. "రెండు వందల తొంభయ్యా? అంత షుగర్ పెట్టుకొని దోసెలెట్ల తింటన్నావే తల్లీ?" అని నువ్వు వేసిన కేక రైల్వే గేటు దాకా పోయింది. ఆ పూట చట్నీ అడిగిన ప్రతివాడూ "నీకు షుగరంట గదమ్మా" అని పరామర్శించి మరీ పోయాడు. అందుకే ఈ ఉత్తరం. ఇకమీదట నా ఒంటి సంగతులు కాగితం మీదే.

ఎడమ కాలి చిటికెన వేలి పుండు మానడం లేదు. మార్కాపురం డాక్టరు దగ్గరికి పోయాను. ఆయన కాగితాలు చూసి, నా మొహం చూసి, "ఏందమ్మా, నేనిచ్చిన బిళ్ళలు నువ్వు మింగుతన్నావా, కోళ్ళకు వేస్తన్నావా? ఇట్లనే ఉంటే ఆ వేలు తీసేయాల్సొస్తది. మూడు నెలలు చూస్తా, అంతే" అన్నాడు. వారానికి ఒకసారి పొట్టకు వేసుకునే ఇంజెక్షన్ రాశాడు. షుగరూ దిగుతుందట, నా ఎనభై ఆరు కేజీల బరువూ దిగుతుందట. దాన్ని పెన్ను అంటారట. రేటు వినగానే అక్కడికక్కడే నాలుగు కేజీలు దిగాను. నెలకు ఎనిమిది వేల రెండు వందలు!

మీ బావతో మాటవరసకు "పెన్ను కొనాల" అన్నాను, రేటు చెప్పకుండా. "పలకల ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్ళు చేసినోడి ఇంట్లో పెన్ను ఎందుకే, బలపం తీసుకొని రాసుకో" అన్నాడు. ఆ మనిషితో ఇక ఏం మాట్లాడను?

ఎనిమిది వేల మాట ఇంట్లో ఎత్తలేనురా. మొన్న కోడలు జెస్సీ వాషింగ్ మిషను అడిగితే "దేవుడు చేతులిచ్చినాడు గదా" అన్నది నేనే. ఊరికే వెలిగే లైటు ఆర్పేదీ నేనే. చర్చీలో స్త్రీల కూడికలో దుబారా మీద వాక్యం చెప్పేదీ నేనే. పక్కింటి రాహేలు వదిన పన్నెండేళ్ళుగా రోజుకు రెండు పూటలా ఇన్సులిన్ వేసుకుంటుంది కదా, ఆమెను సలహా అడుగుదామంటే సిగ్గయింది. కూలికి పోయే మనిషి నోరెత్తకుండా తన మందు తాను కొనుక్కుంటుంటే, బండి ఉన్న నేను రేటు గురించి ఏడవడమా?

మెడికల్ షాపులో ఇరవై రెండేళ్ళుగా నిలబడ్డావు. నోటితో పాటు బుర్ర కూడా కొంచెం పెరిగి ఉంటే, ఇది ఎందుకింత ఖరీదో, తగ్గే దారి ఏమన్నా ఉందో రాయి. ఉత్తరం పల్లీల గౌసియాబీకి ఇచ్చి పంపుతున్నాను. ఉడకబెట్టిన పల్లీలు అమ్ముకుంటూ రోజూ ప్యాసింజరులో గిద్దలూరు దాకా వస్తుంది కదా. ఆమెకు తెలుగు చదవడం రాదు, ఉర్దూ చదవడం కూడా రాదు. అంతకంటే నమ్మకమైన పోస్టాఫీసు నాకు దొరకదు.

ఇప్పటికైతే పది వేళ్ళతోనే ఉన్న నీ అక్క,
జీవరత్నం


గిద్దలూరు,
17 జనవరి 2026

పది వేళ్ళ అక్కకు వందనాలు.

మార్కాపురం జిల్లా అయిందని మొన్న బండి దగ్గర కేకు కోస్తే నువ్వు రెండు ముక్కలు తిన్నావని గౌసియాబీ చెప్పింది. జిల్లా వచ్చింది, షుగరూ వచ్చింది. సరే, విను.

ఎందుకింత ఖరీదు అంటే, మందు కనిపెట్టిన కంపెనీకి కొన్నేళ్ళు దాని మీద హక్కు ఉంటుంది. అన్నాళ్ళూ వేరేవాడు దాన్ని చేయకూడదు. తర్లుపాడు మొత్తానికి నీ ఒక్కదానిదే దోసెల బండి అయితే దోసె ఎంతకు అమ్ముతావో నేను చెప్పాలా? చట్నీలో చెంబెడు నీళ్ళు పోసినా నోరు మూసుకుని తినిపోతారు. ఇదీ అంతే. నీ డాక్టరు రాసిన మందు మీద హక్కు ఈ మార్చితో మన దేశంలో అయిపోతుందని మందుల కంపెనీల రెప్రజెంటేటివులు చెబుతున్నారు. తర్వాత పదిమంది చేస్తారు, రేటు దిగుతుంది. ఎంతకు దిగుతుందో దిగినాక చెబుతాను, ఇప్పుడే చెప్పడానికి నేను చిలక జోస్యం వాణ్ణి కాదు.

ఇంకో సంగతి. ఇది నెల రోజులు వేసుకుని మానేసే మందు కాదు. మానేస్తే షుగర్ మళ్ళీ ఎక్కుతుంది, పోయిన బరువు కూడా మళ్ళీ తిరిగొస్తుంది. అందుకని మొదలుపెట్టకముందే డాక్టరు దగ్గరికి పోయి, "అయ్యా, నెలనెలా ఇంత నేను పెట్టలేను, తక్కువలో జరిగే దారుందా?" అని నోరు తెరిచి అడుగు. కొందరికి పాత బిళ్ళలే మార్చి ఇస్తే సరిపోతుంది. కొందరికి నిజంగా ఇదే కావాలి. అది తేల్చాల్సింది ఆయన, నేను కాదు. కానీ అడగకపోతే నీ జేబు సంగతి ఆయనకు ఎట్ల తెలుస్తుంది? కౌంటరులో నిలబడి నేను చూసిన వింత ఇదే అక్కా. మన జనం డాక్టరుకు విరేచనం రంగు కూడా చెబుతారు, డబ్బుల్లేవని మాత్రం చెప్పరు. బయటికి వచ్చి నా దగ్గర "సగం ఈ అన్నా, మిగతాది రేపు తీసుకుంటా" అంటారు. ఆ రేపు రాదు.

ఇదే ఇంజెక్షన్ కోసం నిన్న ప్లాట్లు అమ్మే వినయ్ కుమార్ వచ్చాడు. షుగర్ లేదు, గిగర్ లేదు. "అన్నా, తమ్ముడి రిసెప్షను నెలాఖరుకుంది. సూటు గుండీ పట్టడంలా. రెండు పెన్నులు ఒకేసారి పొడుచుకుంటే?" అన్నాడు. "రెండు పొడుచుకుంటే రిసెప్షను ఆసుపత్రిలో పెట్టుకోవాల. డాక్టరు చీటీ తెచ్చుకో" అన్నాను. "నువ్వియ్యకపోతే వాట్సాపులో సగం రేటుకొస్తది" అన్నాడు. బిల్లు లేదు, చల్లటి పెట్టె లేదు, అందులో ఏముందో వాడికీ తెలియదు, అమ్మేవాడికీ తెలియదు. "దర్జీ దగ్గరికి పోయి గుండీ జరిపించుకో, నలభై రూపాయలు" అని చెప్పి పంపాను. వాట్సాపు బేరం ఎవరన్నా నీ దగ్గరికి తెస్తే అట్లకాడతో కొట్టు.

డాక్టరు ఇదే కావాలంటే చీటీ పంపు. ఫ్లాస్కులో పెట్టి గౌసియాబీ బుట్టలో పంపుతాను. పెన్ను నీ ఒక్కదానికే, సూది మార్చి కూడా ఇంకొకరికి వేయకూడదు. చల్లగా ఉంచు.

నోరు పెరిగిన తమ్ముడు,
గిద్యోను


తర్లుపాడు,
9 ఫిబ్రవరి 2026

నాయనా గిద్యోనూ, వందనాలు.

డాక్టరును అడుగుదామని నోరు తెరిచానురా. తలుపు తీసి ఉంది. బయట బెంచీ మీద తన వంతు కోసం రాహేలు వదిన కూర్చుని ఉంది. "అయ్యా, ఇదే ఇయ్యండి, పర్వాలేదు" అని వచ్చేశాను. ఇక నన్ను ఏమన్నా అనుకో.

మందు మాత్రం పని చేస్తుంది. ఎంత బాగా పని చేస్తుందంటే దోసె వాసన వస్తే కడుపులో తిప్పుతుంది. ఇరవై ఏళ్ళుగా దోసెలు పోసి బతికిన దానికి ఇదేం శిక్షరా? ముక్కుకు కొంగు కట్టుకుని పోస్తున్నాను. "జీవరత్నమ్మకు కరోనా మళ్ళొచ్చిందంట" అని మొన్న ఒకడు పార్సిలు కట్టించుకోకుండానే పోయాడు.

ఫ్లాస్కులో ఏందని మీ బావ అడిగితే గిద్దలూరు కషాయం అని చెప్పాను. నూట యాభై రూపాయలు అని కూడా చెప్పాను. దాంతో వచ్చింది తంటా. జెస్సీ నా నడుము చూసి, "అత్తా, మీరు సగమైనారు. ఆ కషాయం నాకూ తెప్పియ్యండి" అని పట్టుకుంది. ఏదో ఒకటి పంపు, ప్రాణానికి ముప్పు లేనిది.

అసలు సంగతి ఇప్పుడు రాస్తాను, కోప్పడకు. మొదటి పెన్నును ఫ్రిజ్జు కింది అరలో ఊరగాయ సీసా వెనక పెట్టాను. జెస్సీ ఊరగాయకని చేయి పెట్టినప్పుడల్లా నా గుండె జారిపోయేది. అందుకని శనివారం గౌసియాబీ తెచ్చిన రెండో పెన్నును పైన ఐసు అరలో, చేపల కవరు కింద దాచాను. నువ్వే కదా చల్లగా ఉంచమన్నావు? పొద్దున చూస్తే రాయి. మిద్దె మీద ఎండలో పెట్టి కరిగించాను. ఇప్పుడు చూడటానికి నీళ్ళలాగా తేటగా బాగానే ఉంది. వేసుకోవచ్చా?

ముక్కుకు కొంగు కట్టుకున్న అక్క,
జీవరత్నం


గిద్దలూరు,
11 ఫిబ్రవరి 2026

అక్కా,

వేసుకోవద్దు. తేటగా ఉన్నా వేసుకోవద్దు. ఒకసారి గడ్డకట్టిన మందు పనికిరాదు, కరిగించినా అంతే. ఎనిమిది వేల రెండు వందలు పెట్టి ఐసు ఫ్రూటు చేశావు. మన వంశంలో ఇంత ఖరీదైన ఐసు ఫ్రూటు ఎవరూ చేయలేదు.

తప్పు నాది కూడా. "చల్లగా ఉంచు" అని ఊరుకున్నాను. కింది అర, తలుపు వైపు, ఐసుకు దూరంగా అని రాయాల్సింది. కంపెనీవాడు ఆ ముక్క ఇంగ్లీషులో చీమ తల కంటే చిన్నగా అచ్చేశాడు, చదివేవాళ్ళు చదవలేకపోతే వాడి తప్పు కాదట. ఇంకో పెన్ను పంపుతున్నాను. దోసె వాసన పడటం లేదనే మాట డాక్టరుకు చెప్పు, పెద్ద మోతాదుకు పోయేముందు ఆయనకు తెలియాలి.

జెస్సీకి జీలకర్ర, ధనియాలు దంచి పొట్లం కట్టాను. కాచి తాగమను. నూట యాభై వద్దు, ముప్పై రూపాయలు.

కషాయాల గిద్యోను


గిద్దలూరు,
10 మార్చి 2026

అక్కా, వందనాలు, వెయ్యి వందనాలు!

ఈ రోజు గౌసియాబీ బుట్ట దించకముందే చెప్పింది. "మీ అక్క మొన్న ఆదివారం చర్చీలో లేచి నిలబడి షుగర్ ముచ్చట మొత్తం చెప్పిందంట. జనమంతా చప్పట్లంట. మొత్తం ఊరు అదే మాట" అంది. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి అక్కా. ఎగతాళి కాదు. తలుపు తీసి ఉందని సిగ్గుతో డాక్టరు ముందు నోరు మూసుకున్న మనిషివి, నూటయాభై మంది ముందు నిలబడి మందు పేరు, రేటు చెప్పావంటే మామూలు ధైర్యం కాదు. నీ సంఘంలో షుగర్ ఉన్నవాళ్ళు ఎంతమంది లేరు! ఇక వాళ్ళు కూడా నోరు తెరుస్తారు. ఈ నెలాఖరుకు రేటు దిగుతుందని కూడా చెప్పావా? చెప్పకపోతే వచ్చే ఆదివారం చెప్పు.

జెస్సీ ఆ జీలకర్ర నీళ్ళతో రెండు కేజీలు తగ్గిందట కదా, గౌసియాబీయే చెప్పింది. తర్లుపాడు నుంచి ఇంకో నలుగురు కషాయం అడిగారట. ఈ షాపు మానేసి ధనియాలు దంచుకుంటే బాగుపడతానేమో.

నీ గొప్ప చెప్పుకుంటున్న తమ్ముడు,
గిద్యోను


తర్లుపాడు,
14 మార్చి 2026

గిద్యోనూ,

నీ ఉత్తరం చదివి నాలుగు రోజులు దాచిపెట్టాను. నువ్వు తిట్టినా ఇంత బాధ ఉండేది కాదు.

నేను మందు పేరు చెప్పలేదు, రేటు చెప్పలేదు. జరిగింది ఇది. ఈస్టరు ముందరి శ్రమ దినాలు వచ్చాయి కదా. మొదటి శుక్రవారం ఉపవాస ప్రార్థన సాయంత్రం నాలుగింటికి ముగిసి పులిహోర బకెట్టు బయటికి వచ్చింది. అందరూ విస్తరాకులు పట్టుకుని లేచారు. నేను లేవలేదు. పులిహోర వాసనకు నాకు తల తిరిగింది. పాస్టరు అయ్యగారు అది చూసి, "చూడండి సహోదరీలారా, ప్రార్థన ముగిసినా ఆమె ఇంకా ఆత్మలోనే ఉన్నది" అన్నాడు. రెండో శుక్రవారం కూడా అంతే అయింది. మూడో శుక్రవారానికి నేను నలభై రోజులూ నీళ్ళ మీదే ఉంటానని ఊళ్ళో మాట పుట్టింది. పొద్దున రెండు ఇడ్లీలు, మధ్యాహ్నం గుప్పెడు అన్నం తింటున్నానురా. కానీ భక్తురాలని అందరూ అంటుంటే లేదు, నాకు అజీర్ణం అని ఎవరు చెప్పుకుంటారు?

ఈ లోపల వేలి పుండు మానింది. పరగడుపు షుగర్ నూట ముప్పై ఎనిమిదికి దిగింది. ఆదివారం అయ్యగారు సాక్ష్యం చెప్పమని పిలిచాడు. లేచాను. "ఉపవాస ప్రార్థనలో ఉన్నాను. నా షుగర్ దిగింది. నా వేలు మానింది. దేవునికి స్తోత్రం" అన్నాను. నాలుగు మాటల్లో ఒక్కటీ అబద్ధం కాదు. మధ్యలో పెన్ను మాట ఒక్కటి మింగేశాను, అంతే. జనం చప్పట్లు కొట్టారు. రాహేలు వదిన వచ్చి నా రెండు చేతులూ పట్టుకుని ఏడ్చింది. "ఎంత ధన్యురాలివి వదినా, పైసా ఖర్చు లేకుండా" అంది. నేను చేతులు విడిపించుకుని చాపలు చుట్టడానికి పోయాను.

ఇప్పుడు నా బతుకు ఎట్లుందంటే, ఇంట్లో కషాయం, సంఘంలో ఉపవాసం, ఫ్లాస్కులో పెన్ను. ఎవరి దగ్గర ఏం చెప్పానో గుర్తు పెట్టుకోలేక చస్తున్నాను. నిన్న అయ్యగారి భార్య, అయ్యగారమ్మ ముందు నోరు జారి కషాయం అన్నాను. "ఉపవాసంలో కషాయం తాగొచ్చామ్మా?" అని అడిగింది. తాగొచ్చని చెప్పాను. ఇప్పుడు ఆమెకూ ఒక పొట్లం కావాలట, పంపు.

నువ్వు పొగడాల్సిన పనిలేని అక్క,
జీవరత్నం


గిద్దలూరు,
24 మార్చి 2026

అక్కా,

పొట్లం పంపుతున్నాను. ఇది నా చివరి పొట్లం. ధనియాల గిద్యోను అని జనం పిలిచే రోజు రాకముందే దుకాణం మూసేస్తున్నాను.

పది రోజులు కోపం మీద ఉండి రాయలేదు. ఇప్పుడు రాయక తప్పదు, రేటు దిగింది. మా షాపుకు మూడు కంపెనీల సరుకు వచ్చింది. మందు అదే, పేర్లు వేరే. నీ మోతాదుకు నెలకు ఒకటి మూడు వేల నాలుగు వందలు, ఒకటి రెండు వేల ఏడు వందలు పడుతుంది. డబ్బా మీద రేటు చూసి మురిసిపోవద్దు, ఒకదాంట్లో నాలుగు వారాల మందు ఉంటుంది, ఇంకోదాంట్లో రెండు వారాలదే ఉంటుంది. వారానికి ఎంత పడుతుందో చూడాలి. ఆ రెండూ పెన్నులే, మూడోది సీసా, సీసా అయితే సిరంజితో కొలిచి తీసుకోవాలి, నీ కళ్ళతో అది వద్దు. ఏదైనా డాక్టరు చేత రాయించుకునే మార్చు.

రేటు దిగినా నువ్వు దాస్తావని నాకు తెలుసు. రెండు వేల ఏడు వందలు దాచడం ఎనిమిది వేలు దాచడం కంటే సులువు కదా. కానీ ఒక మాట అడుగుతాను. నీ సాక్ష్యం విని ఎవరన్నా తమ మందు మానేస్తే? వాళ్ళకు ఏ ఫ్లాస్కూ రాదు అక్కా.

గిద్యోను


తర్లుపాడు,
29 మార్చి 2026

గిద్యోనూ,

నీ నోట ఏ ఘడియలో ఆ మాట వచ్చిందో. రాహేలు వదినను నిన్న సాయంత్రం మార్కాపురం పెద్దాసుపత్రిలో చేర్పించారు.

మూడు రోజులుగా వాంతులట. వడదెబ్బ అనుకున్నారు. నిన్న మధ్యాహ్నం ఆమె కొడుకు చిన్నా పరిగెత్తుకుంటూ వచ్చాడు. పోయి చూస్తే పరుగెత్తి వచ్చిన మనిషిలాగా ఎగశ్వాస తీస్తోంది, పిలిస్తే పలకడం లేదు. ఆరెంపీ వేలికి సూది గుచ్చి మిషనులో పెడితే నంబరు రాలేదు, హై అని వచ్చింది. చిన్నా తల కొట్టుకుంటూ, "మూడు వారాలయింది పెద్దమ్మా, సూది మానేసి. దేవుడు తీసేసినాడు, ఇంగ నాకు అక్కర్లా అన్నది. నీ సాక్ష్యమే చెప్పింది. నువ్వు లేచి చెప్పినంక నేనేమంటా?" అన్నాడు.

ఆటోలో ఆమె తల నా ఒళ్ళో పెట్టుకుని మార్కాపురం దాకా పోయాను. బతుకుతుందో లేదో ఈ రాత్రి గడిస్తే చెబుతామన్నారు. ఇది చేసింది నేనేరా. నాలుగు మాటల్లో ఒక్కటీ అబద్ధం కాదని నీకు గొప్పగా రాశాను. ఆమె చచ్చిపోతే ఆ నాలుగు మాటలూ ఏం చేసుకోవాలి?

జీవరత్నం


గిద్దలూరు,
30 మార్చి 2026

అక్కా,

ఈసారి తిట్టడానికి కూడా నోరు రావడం లేదు. ఆసుపత్రిలో పనిచేసేవాళ్ళు తెలిసినవాళ్ళుంటే అడిగించాను. ప్రాణానికి భయం లేదట, ఇన్సులిన్ ఎక్కిస్తున్నారట. ముందు నువ్వు రెండు ముద్దలు తిను.

ఆమె కోలుకున్నాక పోయి నిజం చెప్పు. సంఘంలో కూడా చెప్పు. నువ్వు లేచి నిలబడిన చోటే మళ్ళీ నిలబడాలి, ఇంకో దారి లేదు. నవ్వితే నవ్వుతారు. బావ అరిస్తే అరుస్తాడు.

ఇంకొకటి. ఆమె వాడే ఇన్సులిన్ చీటీ పంపు. ఇన్సులిన్‌లోనూ రకాలున్నాయి. పెన్నులో వచ్చే కొత్త రకం ఒక రేటు, సీసాలో వచ్చే పాత రకం దాంట్లో నాలుగో వంతు కూడా ఉండదు. సర్కారు ఆసుపత్రిలో స్టాకు ఉంటే ఊరికే ఇస్తారు. ఆమెకు పాతది సరిపోతుందో లేదో డాక్టరే చెప్పాలి, కానీ ఎవరన్నా ఆయన్ను అడగాలి కదా. ఈ చీటీ నేను పన్నెండేళ్ళ కిందటే అడిగి ఉండాల్సింది. దానికి నువ్వొక్కదానివే కారణం కాదు.

నీ తమ్ముడు,
గిద్యోను


తర్లుపాడు,
7 ఏప్రిల్ 2026

నాయనా గిద్యోనూ,

ప్రభువు నామంలో వందనాలు. ఈసారి మనస్ఫూర్తిగానే.

పునరుత్థాన పండుగ నాడు చెప్పేశాను. అయ్యగారు వద్దన్నాడు. "పండుగ పూట ఎందుకమ్మా, వచ్చే నెల చూద్దాం" అన్నాడు. నేనే లేచి ముందుకు పోయాను. చేతిలో పెన్ను పట్టుకున్నాను. "నా షుగర్ దిగింది దీనితో. నేను ఉపవాసం చేయలా, నాకు ఆకలి కాలా. నెలకు ఎనిమిది వేల రెండు వందలు, ఒకటి ఐసులో పెట్టి చెడగొట్టుకున్నా, మొత్తం ముప్పై రెండు వేల ఎనిమిది వందలు. నా మాట విని ఎవురన్నా మందు మానేసి ఉంటే ఈ రోజే మళ్ళా మొదలుపెట్టండి" అని చెప్పాను.

మగవాళ్ళ వైపు నుంచి మీ బావ, "ముప్పై రెండు వేలా!" అని లేచాడు. ముప్పై ఏళ్ళుగా సంఘంలో ఆయన నోటి నుంచి వచ్చిన మొదటి మాట అదే. అయ్యగారమ్మ "అయితే ఆ కషాయమో?" అంది. ధనియాలమ్మా అన్నాను. జెస్సీ అయితే సాయంత్రం ఇంటికి వచ్చాక ఫోనులో వాషింగ్ మిషన్ల బొమ్మలు చూపించింది. ఏది కావాలో తీసుకోమన్నాను. కొందరు నవ్వారు, ఇద్దరు ముగ్గురు వందనం కూడా చెప్పకుండా పోయారు. అయినా ఇంటికి వచ్చేటప్పుడు నాకు లోపల కొంచెం గొప్పగానే ఉందిరా. పాపం ఒప్పుకున్న దాన్ని కదా, అబద్ధం ఎందుకు.

నిన్న రాహేలు వదిన ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చింది. ఆ గొప్పతనం అట్లనే మొహం మీద పెట్టుకుని పోయాను. మంచం పక్కన కూర్చుని, ఆమె కాళ్ళు పట్టుకుని, "వదినా, నా అబద్ధం నమ్మి నువ్వు చావు దాకా పోయినావు, నన్ను క్షమించు" అని ఏడ్చాను.

ఆమె కాళ్ళు వెనక్కి లాక్కుంది. "ఊరుకో వదినా" అంది. "పన్నెండేళ్ళ నుంచి పొట్టకు సూదులేసుకుంటన్నా. నువ్వు బావిలో నీళ్ళు చేదేటప్పుడు కొంగు జారితే ఆ చుక్క మచ్చలు నాకు తెలియవా? నీ దగ్గరొచ్చే స్పిరిటు వాసన నాకు తెలియదా? నువ్వు సాక్ష్యం చెప్పే నాటికే నాకు తెలుసు, నువ్వు ఏదో సూది వేసుకుంటన్నావని."

మరి ఎందుకు మానేశావని అడిగాను.

"మిరప కోతలు అయిపోయినయి. ఇన్సులిన్‌కు నెలకు రెండు వేలు యాడి నుంచి తేవాల? చిన్నాగాడికి రెండు నెలల నుంచి జీతం రాలా. ఊరికే మానేస్తే నలుగురూ అడుగుతారు గదా, ఏమి రాహేలూ, ఎందుకు మానేసినావని. డబ్బుల్లేక అంటే తల్లికి మందు కొనియ్యలేదని నా కొడుకును నోటికొచ్చినట్టు అంటారు. నువ్వు సాక్ష్యం చెప్పినావు. విశ్వాసంతో మానేసినా అన్నా. అందరూ స్తోత్రం అన్నారు, ఒక్కరూ ఇంకో మాట అడగలా. నువ్వే చెప్పు వదినా, ఏది చవక?"

ఆమె నవ్వుతూనే అడిగింది. నాకు నవ్వు రాలేదు. బయట గోడ పక్కన చిన్నా నిలబడి అంతా విన్నాడు, లోపలికి రాకుండానే వెళ్ళిపోయాడు.

ఆమె చీటీ ఈ కవరులో పెట్టాను. అది తనదని మాత్రం నీకు చెప్పొద్దంది. నేను పేరు రాశాను, వయసు రాశాను, నెలకు ఐదు వందలు దాటి పెట్టలేదని కూడా పెద్ద అక్షరాలతో రాశాను. గురువారం ఇద్దరం కలిసి డాక్టరు దగ్గరికి పోతున్నాం. ముందు నేను లోపలికి పోయి, తలుపు తెరిచే ఉంచి, బెంచీ మీద ఉన్నవాళ్ళందరికీ వినపడేట్టు అడుగుతాను.

నీ అక్క,
జీవరత్నం